బీఈడీకి పెట్టే డబ్బు తిరిగి వస్తుందా? అంకెలతో చెప్పండి

నేతపేట_అమ్మాయి (ఎమ్మిగనూరు)
అందరికీ నమస్కారం. మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేస్తారు. నేను బీఎస్సీ బీజడ్‌సీ ఈ ఏడాదే ముగించాను. జూన్ నుంచి ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సైన్స్ చెప్తున్నా. జీతం 9 వేలు. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదని చేరేటప్పుడే చెప్పేశారు.

ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష మెగా డీఎస్సీలో మా వీధిలో ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. ఫ్లెక్సీలు కట్టారు, ఊరేగింపు కూడా తీశారు. ఆ రోజు నుంచి అమ్మ నోట బీఈడీ తప్ప ఇంకో మాట లేదు. నాన్నేమో "రెండేళ్లు ఫీజు కట్టి, మళ్లీ కోచింగుకు కట్టి, చివరికి ఇదే స్కూల్లో ఇదే జీతానికి కూర్చుంటే ఏం లాభం?" అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది.

చదివినవాళ్లు ఎంత పెట్టారో, ఇప్పుడు ఎంత వస్తోందో చెప్తారా? "టీచర్ వృత్తి పవిత్రమైనది" లాంటి జవాబులు మాత్రం వద్దు, దయచేసి.

గుత్తి_జంక్షన్ (అనంతపురం జిల్లా)
నాన్న మాటే కరెక్ట్ చెల్లీ.

నాది 2016–18 బ్యాచ్, కన్వీనర్ సీటు (ఎడ్‌సెట్ ర్యాంకుతో వచ్చేది). ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోయింది కాబట్టి ఊరికే చదివాననే అందరూ అనుకుంటారు. చేరిన రోజు స్పెషల్ ఫీజు అన్నారు. తర్వాత పరీక్ష ఫీజులు, రికార్డులు, చార్టులు, ఇంటర్న్‌షిప్‌కు బస్సు ఖర్చు. ప్రాక్టికల్స్ రోజు ఎక్స్‌టర్నల్ సార్ల భోజనాలకని తలా ఇంత వసూలు చేశారు. అన్నీ కలిపితే నా చేతి నుంచి 55 వేలు పోయాయి. ఇంటి నుంచి తిరిగాను కాబట్టి అంతే. హాస్టల్ అయితే లెక్క వేరు.

ఇప్పుడు జీతం 15 వేలు. పేపర్ మీద 22. బ్యాంకులో 22 పడుతుంది, నెల మొదటి వారంలో 7 వేలు నగదుగా ఆఫీసులో ఇచ్చి రావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. ఏడాది మధ్యలో మానేస్తే మూడు నెలల జీతం కట్టి తీసుకుపొమ్మంటారు.

ఆలూరు_సీఆర్టీ
అన్నా, ఆ సర్టిఫికెట్ల సంగతి ముందు చూడు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకూడదు.

గుత్తి_జంక్షన్
ఇవ్వనంటే ఉద్యోగం ఇవ్వరక్కా. మా టౌన్లో ఏ స్కూలుకు పోయినా ఇదే తంతు.

కల్లూరు_లెక్కలు (కర్నూలు)
నాకు ఈసారి డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) మ్యాథ్స్ వచ్చింది. పోస్టింగ్ పడమటి మండలాల్లో. ఫ్లెక్సీ నాకూ కట్టారు, అందుకని నా మాట కాస్త అటు మొగ్గుతుందేమో, చూసుకుని చదువు చెల్లీ. అంకెలు అడిగావు కదా, నీ అంకెలతోనే వేస్తా.

పెట్టుబడి: గుత్తి అన్న చెప్పినట్టు చేతి ఖర్చు, ఇప్పటి ధరల్లో 60 వేలు అనుకుందాం. ఎవరూ లెక్కలో వేయనిది, నువ్వు వదులుకునే జీతం. 9 వేలు, ఏడాదికి పది నెలలు, రెండేళ్లు: 1,80,000. కోచింగు, రూము కలిపి ఓ 40 వేలు. మొత్తం 2,80,000. ఫీజు దీంట్లో చిన్న ముక్క. అందరూ దాని గురించే అడుగుతారు.

రాబడి మూడు రకాలు.

బీఈడీ తర్వాత కూడా ప్రైవేటులోనే ఉంటే 14 వేలు ఇస్తారనుకో. తేడా 5 వేలు అనిపిస్తుంది కానీ, బీఈడీ లేకుండా అక్కడే ఉన్నా రెండేళ్లలో నీ 9 ఎలాగూ పదిన్నర అవుతుంది. నిజమైన తేడా మూడున్నర వేలు, ఏడాదికి 35 వేలు. పెట్టుబడి తిరిగి రావడానికి 8 ఏళ్లు.

కేజీబీవీలో (ఆడపిల్లల కస్తూర్బా గురుకులంలో) కాంట్రాక్టు పోస్టు వస్తే ఏడాదిన్నర. ఆ జీతం సంగతి ఆలూరు అక్క చెప్తే బాగుంటుంది.

స్కూల్ అసిస్టెంట్ వస్తే ఆరు నెలలు. 2022 పీఆర్సీ (జీతాల సవరణ) ప్రకారం మా స్కేలు 44,570 నుంచి 1,27,480. మొదలయ్యేది 44,570 బేసిక్‌తో. దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. సీపీఎస్ పెన్షన్‌కు బేసిక్, డీఏ మీద 10 శాతం పోయినా చేతికి 55 పైనే వస్తుంది.

వచ్చినవాళ్లకు ఆరు నెలలు, రానివాళ్లకు 8 ఏళ్లు. ఎంతమందికి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఈసారి 16,347 పోస్టులు. రాసినవాళ్లు 3 లక్షల 30 వేల పైచిలుకు. సగటున పోస్టుకు 20 మంది.

జమ్మలమడుగు_శీను (కడప జిల్లా)
లెక్కలు సార్ లెక్క బాగానే ఉంది, ఒక వరస తప్ప. ఎదురుచూసిన ఏళ్లు అందులో లేవు.

డీఎస్సీలు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూడండి. 2008, 2012, 2014, 2018. ఆ తర్వాత 2025. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. నేను 2018లో సోషల్ రాశాను. రెండు మార్కుల లోపు తేడాతో పోయింది. "వచ్చే ఏడాది మళ్లీ ఉంటుంది" అని కోచింగులకు పేరున్న అవనిగడ్డలో రూము తీసుకున్నా. ఉండలేదు. ఆ తర్వాతి ఏడాదీ లేదు. ఇంటికొచ్చి ప్రైవేటు స్కూల్లో చెప్తూ, పుస్తకం తీస్తూ మూస్తూ ఉన్నా. ఇంకో పని నేర్చుకుందామంటే, అంతలో నోటిఫికేషన్ పడితే ఎలా అని టెన్షన్. 26 ఏళ్ల నుంచి 33 దాకా అలాగే గడిచింది. 2025లో రాసేటప్పుడు పక్క సీట్లో కూర్చున్న పిల్లోడు 2018లో తొమ్మిదో తరగతి చదివేవాడట.

ఇప్పుడు ఆన్‌లైన్ సర్వీసుల షాపు పెట్టుకున్నా. ఖర్చులు పోను 25 వేల దాకా మిగులుతుంది. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) అప్లికేషన్లు కూడా నా దగ్గరే నింపిస్తారు, అదొక తమాషా.

నేతపేట_అమ్మాయి
శీనన్నా, ఇప్పుడు ఏటా డీఎస్సీ పెడతామని ప్రభుత్వం అంటోంది కదా?

జమ్మలమడుగు_శీను
అంటోంది. పెడితే సంతోషమే. నోటిఫికేషన్ పీడీఎఫ్ చేతిలో పడేదాకా జీవితాన్ని ఆపుకోవద్దని నా మనవి, అంతే చెల్లీ.

రిటైర్డ్_హెచ్‌ఎం (ప్రొద్దుటూరు)
1998 డీఎస్సీ వాళ్లను మరిచారా? ఎంపిక వివాదం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2023లో మినిమం టైం స్కేలు మీద ఎస్‌జీటీలుగా (ప్రైమరీ టీచర్లుగా) తీసుకున్నారు. మా మండలంలో చేరినాయన చేరేనాటికి తాతయ్యాడు. రిటైర్‌మెంటు పక్కనే ఉంది. శీను గారి ఏడేళ్లు ఎక్కువే, కాదనను. అంతకు మించినవి కళ్లారా చూశాం.

అమ్మాయికి మూడు విషయాలు చెప్తాను.

ఒకటి, బీఈడీ చేస్తే ఎస్‌జీటీకి అర్హత రాదు. బీఈడీ వాళ్లూ ప్రైమరీకి చెప్పొచ్చని టీచర్ చదువుల కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2018లో ఇచ్చిన వెసులుబాటును సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పాలంటే డీఎడ్ (ప్రైమరీ టీచర్ల డిప్లొమా) ఉండాల్సిందే. 2024లో మన రాష్ట్రం బీఈడీ వాళ్లను ఎస్‌జీటీకి అనుమతిస్తే హైకోర్టు ఆపింది. ఈసారి రాష్ట్రంలోకెల్లా ఎక్కువ పోస్టులు ఉమ్మడి కర్నూలుకే వచ్చాయి, 2,678. అందులో మూడింట రెండు వంతులు ఎస్‌జీటీలే. మీ వీధిలో ఉద్యోగమొచ్చిన ఇద్దరూ డీఎడ్ చేశారో, బీఈడీ చేశారో ముందు కనుక్కో తల్లీ.

రెండు, డిగ్రీ అయినా డీఎడ్ చేయొచ్చు. ఇంటర్ అర్హతతో డీఈఈసెట్ రాసి డైట్‌లో (జిల్లా డీఎడ్ కాలేజీలో) చేరాలి. మీకు బి.తాండ్రపాడు, అనంతపురం వాళ్లకు బుక్కపట్నం, మా కడప వాళ్లకు రాయచోటి. ప్రభుత్వ డైట్‌లో ఫీజు బీఈడీతో పోలిస్తే నామమాత్రం. ఎస్‌జీటీ స్కేలు 32,670తో మొదలవుతుంది. స్కూల్ అసిస్టెంటు కన్నా తక్కువే, కానీ తక్కువ జీతమని ఆ ఉద్యోగాన్ని వదులుకున్నవాళ్లను నేను చూడలేదు.

మూడు, ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే స్పెషల్ బీఈడీ ఉంది. ఆర్‌సీఐ అనే కేంద్ర మండలి గుర్తింపున్న కాలేజీలోనే చేయాలి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు మంజూరు చేసింది. ఆ చదువు చదివినవాళ్లు తక్కువ. ఓపిక ఉన్నవాళ్లకే అది.

గుత్తి_జంక్షన్
సార్, కర్నూలు ఎస్‌జీటీలు ఈసారి నిండిపోయాయి కదా. ఇప్పుడు డీఎడ్‌లో చేరి రెండేళ్ల తర్వాత బయటికొస్తే ఖాళీలు ఏముంటాయి?

రిటైర్డ్_హెచ్‌ఎం
రిటైర్‌మెంట్లు ఏటా ఉంటాయి నాయనా. ఈసారి ఉన్నన్ని ఉండవు, అది నిజం.

నేతపేట_అమ్మాయి
వీధిలో వాళ్లను అడిగాను. హెచ్‌ఎం సార్ చెప్పినట్టే ఉంది. ఇద్దరూ డీఎడ్, ఇద్దరివీ ఎస్‌జీటీ పోస్టులే. అమ్మకు చెప్తే "రెండూ టీచర్లే కదా" అంది.

హిందూపురం_టు_బెంగళూరు
డీఎస్సీ తప్ప ప్రపంచం లేనట్టు మాట్లాడుతున్నారు మీరంతా. నేను బీఎస్సీ, బీఈడీ చేసి యలహంక దగ్గర ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఉన్నా. 32 వేలు, పన్నెండు నెలలూ ఇస్తారు, పీఎఫ్ కట్ అవుతుంది. ఇద్దరం కలిసి ఉంటాం కాబట్టి నా వంతు అద్దె 8 వేలు. ఇక్కడ బీఈడీ లేకపోతే రెజ్యూమె పక్కన పడేస్తారు. సీబీఎస్ఈ స్కూళ్లు శిక్షణ పొందిన టీచర్లనే పెట్టుకోవాలి మరి.

డిగ్రీ ఒక్కటే సరిపోదు. డెమో క్లాసు గురించి చెప్తా, పనికొస్తుంది. నాకు ఎనిమిదో తరగతి సెక్షన్ ఇచ్చి, కణం గురించి ఇరవై నిమిషాలు చెప్పమన్నారు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్, కోఆర్డినేటర్. మా బీఈడీ కాలేజీలో నేర్పినట్టు ప్రేరణ ప్రశ్నలతో మొదలుపెట్టా. మూడో ప్రశ్నకే ఒక పిల్లాడు లేచి "మ్యామ్, వైరస్ కణం కాదు కదా, మరి దానికి ప్రాణం ఉన్నట్టా లేనట్టా?" అని ఇంగ్లిష్‌లో గుక్క తిప్పుకోకుండా అడిగాడు. జవాబు తెలుసు. ఇంగ్లిష్‌లో నోరు పెగలడానికి టైం పట్టింది. ఆ స్కూల్లో రాలేదు. తర్వాత మూడు నెలలు రోజూ అద్దం ముందు పాఠం చెప్పి, ఇంకోచోట సాధించా. నువ్వు ఇప్పుడు చెప్పే ఆరో తరగతి పాఠాలే ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టు. దానికి ఫీజు లేదు.

సెంట్రల్ వైపు కూడా చూడు. కేవీ (కేంద్రీయ విద్యాలయం), నవోదయలో టీజీటీకి (హైస్కూల్ టీచర్‌కు) 44,900 బేసిక్. సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) పేపర్ 2 కావాలి. పోటీ దేశమంతా ఉంటుంది. మా లేపాక్షి నవోదయలో, మీ బనవాసి నవోదయలో చూడు, ఎన్ని రాష్ట్రాల సార్లుంటారో.

ఆలూరు_సీఆర్టీ
లెక్కలు తమ్ముడు అడిగాడు కదా. కేజీబీవీ సీఆర్టీకి (కాంట్రాక్టు టీచర్‌కు) 26,759. ఆడవాళ్లకే. బీఈడీ, టెట్ రెండూ కావాలి. ఎంపిక మెరిట్ మీదే ఉంటుంది కాబట్టి డిగ్రీ, బీఈడీ మార్కులు పోగొట్టుకోవద్దు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో కేజీబీవీలు చాలానే ఉన్నాయి.

బాగుంది కదా అని ఎగిరి గంతేయకండి. కాంట్రాక్టు ఏడాదికోసారి రెన్యువల్. రాత్రి డ్యూటీలు వంతులవారీగా పడతాయి. అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయేది మనమే. పంట చేతికొచ్చే రోజుల్లో, గుంటూరు వైపు మిరప కోతలకు ఊళ్లకు ఊళ్లు వలసపోయే రోజుల్లో, తల్లిదండ్రులు పిల్లల్ని కూడా తీసుకుపోదామని గేటు ముందు నిలబడతారు. వాళ్లను ఒప్పించి పంపడం కూడా మన పనే, జాబ్ చార్టులో మాత్రం ఉండదు. నాకీ పని ఇష్టం. 26 వేలకు ఇంత పనా అని అడిగితే మాత్రం చెప్పలేను.

ఇంకోటి, ఎవరూ పైకి అనరు. నాకు సంబంధాలు చూసేటప్పుడు "బీఈడీ అయిందా" అని అడిగారు, "ఉద్యోగం ఉందా" అని అడగలేదు. మీ అమ్మగారి మనసులో ఈ లెక్క కూడా ఉండే ఉంటుంది చెల్లీ.

గుత్తి_జంక్షన్
అంటే బీఈడీ కూడా కట్నం లెక్కలోకే పోయిందన్నమాట. బాగుంది.

ఆలూరు_సీఆర్టీ
ఉన్నమాట చెప్పాను అన్నా. నచ్చిందని అనలేదు.

కాలేజీకి_పోని_బీఈడీ
ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు? రోజూ రావక్కర్లేదనే కాలేజీలున్నాయి. మేనేజ్‌మెంట్ సీటు తీసుకో, అడిగినంత కట్టు, పరీక్షలకు పో. ఇక్కడ 9 వేల జీతం పోదు, అక్కడ పట్టా వస్తుంది. లెక్కలు సార్ చెప్పిన 1,80,000 మిగిలినట్టే. నేను చేరిన దాంట్లో సగం మంది పక్క రాష్ట్రాలవాళ్లే, పరీక్షలకే కనపడేవాళ్లు. కాలేజీ పేరు \[మోడరేటర్ తొలగించారు\]

రిటైర్డ్_హెచ్‌ఎం
ఆ దారి తొక్కొద్దు తల్లీ. నీతులు వద్దన్నావు కాబట్టి డబ్బు భాషలోనే చెప్తాను.

మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటుకు వచ్చేది కూడా హాజరు ఉంటేనే. నువ్వు మిగిలిందనుకున్న 1,80,000లో పెద్ద భాగం ఆ కాలేజీకే పోతుంది. ఇక ఒకే కాలంలో స్కూల్లో ఉద్యోగం చేసినట్టు ఒక సర్వీసు సర్టిఫికెట్, కాలేజీకి వచ్చినట్టు ఒక హాజరు రిజిస్టరు. రేపు వెరిఫికేషన్లో ఎవరైనా రెండూ పక్కపక్కన పెడితే ఏం చెప్తావు?

రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ పదహారు వారాలు. మా హైస్కూలుకు ఏటా వచ్చేవాళ్లు. లెసన్ ప్లాన్ రికార్డు చూస్తే మనిషి తెలిసిపోతుంది. కొందరివి ముత్యాల్లాంటి అక్షరాలు, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే చేతిరాత, ఒకే ఎర్ర స్కెచ్ గీతలు, తప్పు కొట్టేసిన చోటు ఒక్కటీ ఉండదు. కర్నూలులోనో కడపలోనో డబ్బిచ్చి రాయించినవి. అలాంటివాళ్లను ఏడో తరగతిలోకి పంపితే పదో నిమిషానికి పాఠం అయిపోయి, మిగతా ముప్ఫై ఐదు నిమిషాలు పిల్లలతో పుస్తకం చదివించేవాళ్లు. ఇంకొందరి రికార్డులో "ఇక్కడ పిల్లలకు అర్థం కాలేదు, రేపు నిమ్మకాయ తెచ్చి చూపాలి" అని పెన్సిల్‌తో రాసి ఉండేది. హిందూపురం అమ్మాయి చెప్పిన డెమో క్లాసులో పనికొచ్చేది ఆ రెండోదే.

మోడరేటర్
కాలేజీల పేర్లు, స్కూళ్ల పేర్లు పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను, ఒకదాంట్లో పేరు మాత్రం తీశాను. రికార్డులు రాసిపెడతామనే ఫోన్ నంబర్లు కూడా తీసేస్తాను, అడగకండి.

అనంత_ఎమ్మెస్సీ
నాకో డౌట్. ఒక ఏడాది బీఈడీ మళ్లీ వస్తోందంటున్నారు కదా, ఆగితే మంచిదేమో?

కల్లూరు_లెక్కలు
పీజీ గానీ, నాలుగేళ్ల డిగ్రీ గానీ ఉన్నవాళ్లకే అది. 2025లో ఎన్‌సీటీఈ ముసాయిదా విడుదల చేసింది. మీరు ఎమ్మెస్సీ కాబట్టి ఒక కన్నేసి ఉంచండి. మూడేళ్ల డిగ్రీ ఉన్న ఈ చెల్లికి మాత్రం రెండేళ్లదే. దానికోసం ఎమ్మెస్సీ రెండేళ్లు చేసి, ఆపై ఒక ఏడాది అంటే మూడవుతాయి. పీజీటీ, జేఎల్ లాంటి ఇంటర్ స్థాయి పోస్టుల మీద ఆశ ఉంటేనే అది లాభం.

చెల్లీ, ఒకటి చెప్పడం మరిచా. టెట్ మార్కుకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. అయినా పాసయ్యాం కదా అని ఆపొద్దు, మార్కు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. మా బ్యాచ్‌లో బోర్డర్ మీద పోయినవాళ్లలో చాలామంది టెట్‌లోనే వెనకబడ్డారు. ఇప్పుడైతే ఆ హాల్లో సర్వీసులో ఉన్న సార్లు కూడా మన పక్కన కూర్చుంటారు. రిటైర్‌మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్నవాళ్లంతా టెట్ పాస్ కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న చెప్పింది కదా.

రిటైర్డ్_హెచ్‌ఎం
అబ్బ, ఆ తీర్పు రాకముందే నేను రిటైరైనందుకు మా ఇంటావిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

నేతపేట_అమ్మాయి
అందరి పోస్టులూ నాన్నకు చదివి వినిపించా. శీనన్న రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. లెక్కలు అన్న వేసిన లెక్క నోట్‌బుక్‌లో రాసి చూపిస్తే, "అయితే కేజీబీవీ దాకా ఖాయమనుకుని దిగుదాం, ఆ పైది వస్తే వచ్చింది" అన్నారు.

నేననుకున్నది ఇదీ. ఎడ్‌సెట్, డీఈఈసెట్ రెండూ రాస్తా. కర్నూలు ప్రభుత్వ బీఈడీ కాలేజీలో గానీ, ఇంటి నుంచి తిరిగేంత దూరంలో కన్వీనర్ సీటు గానీ వస్తే బీఈడీ. రాకపోతే బి.తాండ్రపాడు డైట్. మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేయను. బీఈడీ అయ్యాక డీఎస్సీ కోసం ఖాళీగా కూర్చునేది ఒక్క ఏడాదే. ఆ తర్వాత కేజీబీవీయో, బెంగళూరో. హిందూపురం అక్కా, రేపటి నుంచి ఆరో తరగతికి ఇంగ్లిష్‌లో చెప్పి చూస్తా, పిల్లలు నవ్వితే నవ్వనీ.

గుత్తి_జంక్షన్
నేను వద్దనే అన్నా. అయినా ఇంత లెక్క వేసుకుని దిగుతున్నావు, నేను వేసుకోలేదు. ఆల్ ది బెస్ట్ చెల్లీ. ఒరిజినల్స్ మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టకు.

ఆలూరు_సీఆర్టీ
చెల్లీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకో. డీఎస్సీలో లోకల్ కోటా వాటి మీదే చూస్తారు. నోటిఫికేషన్ పడ్డాక అందరూ ఒకేసారి ఎగబడతారు, హెచ్‌ఎంలు దొరకరు.

నేతపేట_అమ్మాయి
అక్కా, నేను ఐదు దాకా చదివిన ప్రైవేటు స్కూలు మూతపడింది. అప్పుడేం చేయాలి?

రిటైర్డ్_హెచ్‌ఎం
ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడుగు. మూతపడిన స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లు అక్కడ అప్పగించి ఉండాలి. నీ అడ్మిషన్ నంబరు తెలిస్తే పని తొందరగా అవుతుంది, పాత ప్రోగ్రెస్ కార్డు ఉందేమో వెతుకు. సోమవారం పొద్దున పోవద్దు, మీటింగులుంటాయి.